రెండు చించిల్లాలు కొట్లాడుకుంటుంటే ముందు ఓడిపోతున్నదాన్ని చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ళ ఆడ చించిల్లా (ఎలుక జాతికి చెందిన, దట్టమైన బొచ్చున్న చిన్న పెంపుడు ప్రాణి) ఒకటి, ఏడాది వయసున్న ఆడది ఇంకొకటి. ఎనిమిది నెలలుగా ఒకే పంజరంలో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. రెండు వారాల నుంచి పెద్దది చిన్నదాన్ని తరుముతోంది, మీదెక్కుతోంది. పొద్దున చూస్తే అరల మీద బొచ్చు కుచ్చులు. మొన్న రాత్రి చిన్నదాని చెవి అంచు కొంచెం తెగింది. "అవే తేల్చుకుంటాయి, మధ్యలో వెళ్ళకండి" అని కొందరు, శాశ్వతంగా విడదీసేయమని ఇంకొందరు చెప్పారు. ఏది వినాలో తోచక అడిగారు.

ముందు ఈ రాత్రి సంగతి. వేరు చేయండి. చెవి తెగాక కూడా రెండింటినీ ఒకే పంజరంలో వదిలి మనం నిద్రపోకూడదు. ఇవి రాత్రిపూట తిరిగే ప్రాణులు. అసలు గొడవ మనం చూడని గంటల్లోనే జరుగుతుంది. రెండో పంజరం లేకపోతే పెద్ద క్యారియర్‌లో (పెంపుడు ప్రాణులను తీసుకెళ్ళే పెట్టెలో) ఎండుగడ్డి, నీళ్ళ సీసా పెట్టి ఒకదాన్ని ఉంచినా ఒక రాత్రి గడిచిపోతుంది. రెండూ ఒకే గదిలో ఉండాలి, ఒకదానికొకటి కనిపించాలి, వాసన తెలియాలి. వేరే గదిలోకి మారిస్తే తర్వాత కలపడం కష్టమవుతుంది. పంజరాల మధ్య మాత్రం బెత్తెడు ఎడం వదలండి. పంజరాలు ఆనించి పెడితే ఊచల్లోంచి బయటికొచ్చిన కాలివేలిని అవతలిది పట్టుకుని కొరికేస్తుంది. నా దగ్గరున్న మగదానికి ఒక వేలు అలాగే పోయింది. అది నేను చూసుకోవాల్సిన విషయం, చూసుకోలేదు.

వేరు చేయడమంటే జత విడిపోయిందని కాదు. ఆలోచించుకోవడానికి మీకూ, కుదుటపడటానికి వాటికీ కొంత సమయం దొరుకుతుంది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పద్నాలుగేళ్ళుగా చించిల్లాలను పెంచుతున్నాను. అక్కాచెల్లెళ్ళ జతలు, అన్నదమ్ముల జతలు, ఒకసారి మూడింటి గుంపు, ఇవన్నీ నా దగ్గర ఉన్నాయి. గొడవ మొదలైందని ఎవరు చెప్పినా మాటంతా కొట్టేదాని గురించే ఉంటుంది. అది ఎందుకింత పొగరుగా ఉంది, దాన్ని ఎలా మార్చాలి అని. నేను మాత్రం దెబ్బలు తినేది ఎలా ఉందని అడుగుతాను. అది తింటోందా, కిందికి దిగుతోందా, నిద్రపోతోందా, తూకం ఎంతుంది. ఒకటి పైచేయిగా ఉండటం చించిల్లాల్లో మామూలే. ఏ జతలోనైనా ఎవరో ఒకరు పెద్దరికం చేస్తారు. ఓడినది తప్పుకోవడానికి చోటు లేకపోవడమే ప్రమాదం. మనం ఇచ్చే పంజరంలో తరచూ లేనిది ఆ చోటే.

ఇవి ఆండీస్ పర్వతాల ప్రాణులు. అడవి చించిల్లాలు రాతి వాలుల్లో గుంపులుగా, బండల సందుల్లో, బొరియల్లో ఉంటాయి. అక్కడ పెద్దది కసిరితే చిన్నది ఇంకో సందులోకి జారుకుంటుంది. గొడవ అంతటితో సరి. బొచ్చు కోసం వేటాడి వేటాడి 20వ శతాబ్దం మొదటికే వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే మైనింగ్ ఇంజనీరు చిలీ నుంచి 11 చించిల్లాలను అమెరికాకు తీసుకెళ్ళాడు. ఇళ్ళలో పెరుగుతున్న వాటిలో చాలా వరకు ఆ కొద్దిపాటి మంద సంతతే అంటారు. అప్పటి నుంచి గడిచినది నూరేళ్ళ పైచిలుకు మాత్రమే. కుక్కల్లా వేల ఏళ్ళు మనుషులతో బతికిన జాతి కాదు. గుంపులో బతికే బుద్ధి, ఎదుటిది మీదికొస్తే పరుగెత్తి తప్పించుకునే బుద్ధి రెండూ అలాగే ఉన్నాయి. పరుగెత్తే దారి ఒక్కటే పోయింది.

ఇంకో సంగతి, చించిల్లాల్లో సాధారణంగా ఆడదే పెద్దది, బరువైనది. పెత్తనమూ చాలాసార్లు దానిదే. అందుకే ఆడ చించిల్లా దూకుడుగా ఉంటే అందులో వింతేమీ లేదు. రెండు ఆడవి చక్కగా కలిసి ఉండటమూ అంతే సహజం.

మీదెక్కడం చూసి మీరు కంగారుపడ్డారు. ఒక్క దాని గురించే అయితే అక్కర్లేదు. ఆడది ఆడదాని మీద, మగది మగదాని మీద ఎక్కడం రోజూ చూసేదే. అది కామం కన్నా ఎక్కువగా "ఇక్కడ నాది ముందు" అని చెప్పుకోవడం. కాసేపు తరమడం, మంచి అరను లాక్కోవడం, అవతలిదాని నోట్లోంచి గడ్డిపోచ గుంజుకోవడం, తల కిందికి దూర్చి "నా బొచ్చు సవరించు" అని బలవంతపెట్టడం, అప్పుడప్పుడూ ఒక చిన్న కుచ్చు ఊడటం, ఇవన్నీ సర్దుబాటులో భాగమే. తరిమిన పది నిమిషాలకు రెండూ ఒకే మూలన ఆనుకుని కూర్చుంటే, ఒకదాని చెవి వెనక ఇంకొకటి సుతారంగా కొరుకుతుంటే మీరు చేయాల్సిందేమీ లేదు. చిన్నది కీచుమని అరిచినా సరే. లొంగిపోయేది అరుస్తుంది, పెద్దది ఆగుతుంది. ఆ ఆగడం ఉందా లేదా అన్నదే గమనించండి.

ఆగడం లేదంటే లెక్క వేరు. చిన్నది అరిచినా, తప్పుకున్నా, గోడకు హత్తుకుని కదలకుండా ఉన్నా పెద్దది వదలడం లేదంటే అది పెత్తనం దాటిపోయింది, వేధింపు. పళ్ళు టకటకలాడించడం, వెనక కాళ్ళ మీద నిలబడి ఎదుటిదాని ముఖం మీదికి మూత్రం చిమ్మడం (ఆడవి దీన్ని గురి చూసి చేస్తాయి), తోక బిగించి ఎత్తడం, ఉమ్మినట్టు "ఖక్ ఖక్" అనడం, ఇవన్నీ హెచ్చరికలు. రెండూ ముద్దలా చుట్టుకుని దొర్లితే హెచ్చరికలు అయిపోయాయి, పోరు మొదలైంది.

బొచ్చు కుచ్చుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. చించిల్లాను ఏదైనా పట్టుకుంటే పట్టుకున్న చోట బొచ్చు గుత్తిగా ఊడి చేతిలోనో నోట్లోనో ఉండిపోతుంది, ప్రాణి తప్పించుకుంటుంది. ఇది దాని రక్షణ. ఒక్కో కుదురు నుంచి యాభై, అరవై వెంట్రుకలు వస్తాయి కాబట్టి ఊడిన కుచ్చు చాలా పెద్దదిగా కనిపించి గుండె గుభేలుమంటుంది. కింద చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటే నొప్పి ఏమీ ఉండదు. కొన్ని వారాలకు మళ్ళీ మొలుస్తుంది, నిండుగా రావడానికి నెలలు పట్టొచ్చు. కానీ రోజూ కుచ్చులు పడుతున్నాయంటే రోజూ ఒకటి ఇంకోదాని పట్టు విడిపించుకుని పారిపోతోందని అర్థం. అది మంచి లెక్క కాదు. బొచ్చు కత్తిరించినట్టు పొట్టిగా, గరుకుగా, మెట్లు మెట్లుగా కనిపిస్తే అది వేరే సమస్య. ఒకటి ఇంకోదాని బొచ్చు నమిలేస్తోంది, లేదా తనది తనే నములుకుంటోంది. దానికి ఒత్తిడి, విసుగు, తిండిలో పీచు తగ్గడం వంటివి కారణం కావచ్చు. కొట్లాటతో కలిపేయకండి.

గాయాన్ని వెతకడం కూడా నేర్చుకోవాలి. అంత దట్టమైన బొచ్చులో కాటు పైకి కనిపించదు. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొచ్చును నోటితో మెల్లగా ఊదుతూ చర్మం చూడండి. నడుము, తోక మొదలు, తొడలు, మూత్రద్వారం చుట్టూ, కాలివేళ్ళు, చెవులు. తర్వాత వేళ్ళ కొసలతో తడమండి. పక్కు కట్టినట్టు గట్టిగా తగిలినా, రెండు మూడు రోజుల తర్వాత గడ్డలా ఉబ్బినా చీము పడుతోందని అనుమానించి వెట్‌కు (పశువైద్యుడికి) చూపించాలి. పైకి మానినట్టే ఉండి లోపల చీముపట్టడం ఈ కాట్లకు అలవాటు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేయకండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇచ్చినా, క్లిండామైసిన్, లింకోమైసిన్ ఇచ్చినా చించిల్లా పేగుల్లో ఉండాల్సిన మేలుచేసే బ్యాక్టీరియా చచ్చిపోయి, విషం పుట్టి, ప్రాణమే పోవచ్చు. కుక్కలకూ పిల్లులకూ మామూలుగా ఇచ్చే మందే వీటికి యమపాశం. కుందేళ్ళు, గినీపిగ్‌లు, చించిల్లాలు చూసే అలవాటున్న వెట్ దగ్గరికే వెళ్ళండి. చెవి అంచు తెగడం వరకే అయితే సెలైన్‌తో తుడిచి, శుభ్రంగా ఉంచితే సరిపోతుంది. మానే వరకు డస్ట్ బాత్ (బొచ్చు శుభ్రం కావడానికి మెత్తటి పొడిలో దొర్లనివ్వడం) ఆపండి, ఆ పొడి గాయంలో చేరుతుంది.

ఇప్పుడు "ఎందుకు" అన్న ప్రశ్న. ఎనిమిది నెలలు సఖ్యంగా ఉన్న జత రెండు వారాల్లో చెడిందంటే ఏదో మారింది. దాన్ని పట్టుకోకుండా మళ్ళీ కలిపితే మళ్ళీ అదే జరుగుతుంది.

నేనైతే మొట్టమొదట చిన్నది నిజంగా ఆడదేనా అని చూస్తాను. నవ్వుకోకండి, ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు. ఆడ చించిల్లాకు మూత్రం వచ్చే భాగం చిన్న శంకులా బయటికి పొడుచుకుని ఉంటుంది, చూడ్డానికి మగదాని అంగంలాగే ఉంటుంది. మగదానికి బయటికి వేలాడే సంచి ఉండదు, వృషణాలు గజ్జల్లో లోపలే ఉంటాయి. గుర్తు ఆ శంకుకూ మలద్వారానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంది. ఆడదానికి రెండూ దాదాపు ఆనుకునే ఉంటాయి, మగదానికి మధ్యలో స్పష్టంగా నున్నటి చర్మం కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఒకవేళ చిన్నది మగదే అయితే, ఎనిమిది నెలల కాలంలో పెద్దది కడుపుతో ఉండే అవకాశం చాలా ఎక్కువ. వీటి గర్భం సుమారు 111 రోజులు. కడుపుతో ఉన్న ఆడది దగ్గరికొచ్చినదాన్ని తరమడం, మూత్రం చిమ్మడం మామూలు. ఈనిన కొద్ది గంటల్లోనే మళ్ళీ ఎదకు వస్తుంది కాబట్టి మగదాన్ని అంతకు ముందే తీసేయాలి, లేకపోతే పాలిచ్చే తల్లి వెంటనే మళ్ళీ కడుపుతో అవుతుంది. అనుమానం ఉంటే వెట్‌తో నిర్ధారించుకోండి, ఊహించుకుని ఊరుకోవద్దు.

రెండూ ఆడవేనని తేలితే ఎద సంగతి చూడాలి. ఆడ చించిల్లాలు సుమారు 30 నుంచి 50 రోజులకోసారి ఎదకు వస్తాయి. మిగతా కాలంలో యోనిద్వారం పల్చటి పొరతో మూసుకుని ఉంటుంది, ఎద సమయంలో కొద్ది రోజులు తెరుచుకుంటుంది. ఆ రోజుల్లో చిరాకు, మీదెక్కడం, తరమడం పెరుగుతాయి, తర్వాత తగ్గుతాయి. పోయిన నెలల్లో కూడా ఇలాంటి రెండు మూడు రోజుల అలజడి వచ్చి పోయిందేమో గుర్తు చేసుకోండి. క్యాలెండర్‌లో రాసుకుంటూ పోతే మూడు నెలల్లో వరస బయటపడుతుంది. మీరు రెండు వారాలంటున్నారు కాబట్టి ఎద ఒక్కటే కారణం కాదేమో అనిపిస్తోంది. పైగా మీ చిన్నది పిల్లతనం దాటి పూర్తి ఆడదైంది. మొన్నటి దాకా పెద్దదాని వెంట తిరిగిన కూన, ఇప్పుడు పెద్ద అర తనకూ కావాలంటుంది. వయసొచ్చే కాలంలో జతలు చెడటం నేను ఎక్కువగా చూసింది ఇలాగే.

మూడోది నొప్పి. ఉన్నట్టుండి దూకుడు పెరిగిన పెద్ద చించిల్లాను చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది పళ్ళు. వీటి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, దవడ పళ్ళు కూడా. వాటికి ముళ్ళలాంటి అంచులొస్తే నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటాయి. గడ్డి వదిలేసి పెల్లెట్లు (గుళికల్లా చేసిన మేత) మాత్రం తినడం, గడ్డం తడిగా ఉండటం, ఒక కంట నీరు కారడం, ముందరి పాదంతో మూతి తుడుచుకోవడం గుర్తులు. నా మొదటి ఆడ చించిల్లా ఉన్నట్టుండి తన చెల్లెలి మీద విరుచుకుపడితే నేను రెండు వారాలు దాని స్వభావం మారిందనుకున్నాను. వెట్ నోరు తెరిచి చూస్తే దవడ పన్ను నాలుకలోకి దిగి ఉంది. ఆ రెండు వారాలు అది నొప్పిని భరిస్తూనే ఉంది. అప్పటి నుంచి కొట్టేదాన్ని కూడా వెట్‌కు చూపించనిదే దాని గురించి ఏ మాటా అనను. మీ పెద్దదాన్ని తప్పకుండా చూపించండి.

మిగతావి త్వరగా చెబుతాను. గది వేడెక్కిందా? 18, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి. 25 దాటితే ఇబ్బంది, తేమ కూడా ఉంటే వడదెబ్బ తగిలి చనిపోవచ్చు. ఉక్కపోతలో ఓపిక ఎవరికైనా నశిస్తుంది. పంజరం చోటు మార్చారా, పగలు సద్దు పెరిగి నిద్ర చెడుతోందా, కొత్తగా కుక్కో పిల్లో వచ్చిందా? ఒక్కదాన్నే వెట్ దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చారా? వేరే వాసనతో తిరిగొచ్చిన జతగత్తెను గుర్తుపట్టక దాడి చేయడం ఉంది. అందుకే నేను ఒకదానికి బాగోలేకపోయినా రెండింటినీ ఒకే క్యారియర్‌లో తీసుకెళ్తాను. మీకు మాత్రం ఈసారి రెండు క్యారియర్లు కావాలి.

ఇక పంజరం. పొడుగ్గా సన్నగా ఉండి, ఒకే అర, ఒకే గూడు, ఒకే చక్రం ఉన్న పంజరం గొడవ పెట్టడానికే చేసినట్టు ఉంటుంది. తిండి గిన్నెలు, గడ్డి పెట్టే చోట్లు, నీళ్ళ సీసాలు రెండేసి ఉండాలి. అవి పక్కపక్కన కాకుండా ఒకటి కింద, ఒకటి పైన, లేదా ఎదురుబొదురు మూలల్లో ఉండాలి. పక్కపక్కన పెడితే పెద్దది రెండింటికీ కలిపి కాపలా కాస్తుంది. గూటికి ఒకే ద్వారం ఉంటే దాన్ని తీసేయండి, లేదా వెనక ఇంకో ద్వారం కోయండి. తరిమితే చిన్నది గూట్లోకి దూరుతుంది, పెద్దది ద్వారంలో నిలబడుతుంది, ఇక లోపలిదానికి దిక్కు లేదు. ఘోరమైన కాట్లు పడేది అక్కడే, అదీ నడుము మీద, వెనక భాగం మీద. రెండు ద్వారాల సొరంగాలు, ఒకదాని నుంచి ఒకదానికి మెట్లుగా దూకగలిగే అరలు, మధ్యలో చూపు మరుగయ్యేలా ఒక చెక్క అడ్డం ఉంటే చాలు. దారి గుండ్రంగా తిరిగి రావాలి, ఎక్కడా ముగిసిపోకూడదు. అరలను నిలువునా ఎత్తుగా కాకుండా ఏటవాలు వరసగా అమర్చితే పారిపోతూ దూకినప్పుడు కాలు విరగదు.

చక్రం గురించి ఒక మాట. అది వాటికి ప్రాణం, అందుకే దాని కోసం కొట్టుకుంటాయి. కలిపే రోజుల్లో చక్రం తీసేయండి. కుదురుకున్నాక రెండు చక్రాలు పెట్టగలిగితే పెట్టండి. నేల ఊచలు లేకుండా పాదం నిండుగా ఆనేలా, 38 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి.

మళ్ళీ కలపడం ఎప్పుడంటే, చెవి మానాక, వెట్ పరీక్ష అయ్యాక, అప్పుడు కూడా తొందర లేదు. రెండు వారాలైనా పక్కపక్క పంజరాల్లో గడవనివ్వండి. మూడు నాలుగు రోజులకోసారి ఒకదాని పంజరంలోకి ఇంకోదాన్ని మార్చండి, గూళ్ళు, అరలు కడగకుండా. డస్ట్ బాత్ గిన్నెలో ముందు ఒకటి దొర్లాక అదే పొడిలో రెండోదాన్ని దొర్లనివ్వండి. ఒకదాని వాసన ఇంకోదాని ఒంటి మీద ఉన్నా అది విశేషం కాని రోజు రావాలి. మొదట్లో మార్చిన పంజరంలో మూత్రం చిమ్మి, గడ్డి చిందరవందర చేసి కోపం చూపిస్తుంది. కొన్నాళ్ళకు నేరుగా గూట్లోకెళ్ళి పడుకుంటుంది. ఆ పడుకోవడం కనిపించాకే తర్వాతి మెట్టు. ఊచల పక్కన రెండూ ఒకే వైపుకు వచ్చి ఒళ్ళు వాల్చి నిద్రపోతుంటే అంతకన్నా మంచి గుర్తు లేదు.

తర్వాత రెండింటికీ పరాయి చోటులో కొద్దిసేపు. ఏదీ ఎప్పుడూ తిరగని చిన్న గది, దాక్కునే మూలలు లేనిది, జారని నేల. బాత్రూమ్ అయితే మూత పెట్టిన కమోడ్, ఖాళీ బకెట్లు చూసుకోవాలి. అర్ధరాత్రి ఉత్సాహంలో ఉన్నప్పుడు కాకుండా సాయంత్రం మగతగా లేచే వేళ మేలు. నేల మీద రెండు మూడు చోట్ల గడ్డి కుప్పలు, మధ్యలో వెడల్పాటి డస్ట్ బాత్ పెట్టండి. పది నిమిషాలు చాలు. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తిరిగినా అది విజయమే. గొడవ జరగకముందే, ఇంకా బాగున్నప్పుడే ముగించి ఎవరి పంజరానికి వాటిని చేర్చండి. మర్నాడు మళ్ళీ. మీదెక్కితే ఆపకండి, తల వైపు నుంచి ఎక్కితే మాత్రం పక్కకు తప్పించండి. కింద ఉన్నది పైదాని కడుపు కింద కొరకగలదు. అలా వరసగా వారం రోజులు మంచిగా గడిచాక, ఇద్దరి వాసనా లేకుండా బాగా కడిగి, అరలు కొత్తగా మార్చిన పంజరంలో కలపండి. మీరు రోజంతా ఇంట్లో ఉండే రోజు పొద్దునే మొదలుపెట్టండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి. మొదటి వారం గూళ్ళు వద్దు, అరలు, రెండు వైపులా తెరిచిన సొరంగాలు చాలు.

కొట్లాట మొదలైతే మధ్యలో చేయి పెట్టకండి. మిమ్మల్ని కొరకాలని వాటికి ఉండదు, కానీ ఆ క్షణంలో ఏది ఎదురైతే దాన్ని కొరుకుతాయి, ఎముక దాకా దిగుతుంది. దళసరి టవల్ వాటి మీద వేయండి, లేదా అట్ట ముక్కో ట్రేనో మధ్యలోకి తోయండి. తోక పట్టి లాగితే తోక చర్మం ఊడి రావచ్చు. నీళ్ళు చల్లకండి, తడిసిన బొచ్చు ఆరక ఒళ్ళు చల్లబడుతుంది.

రెండింటినీ ఇరుకు క్యారియర్‌లో కుక్కి, భయంలో ఒకదాన్నొకటి హత్తుకుంటాయని కారులో తిప్పే పద్ధతి ఒకటి ఉంది. చాలామంది పని చేసిందంటారు. నేను ఒప్పుకోను. భయంతో బిగుసుకుపోయిన ప్రాణి శాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. ఇంటికొచ్చి పంజరంలో వదిలాక బాకీ అలాగే ఉంటుంది. పైగా రెండు దట్టమైన బొచ్చు ఒళ్ళు ఆనించి ఇరుకులో పెడితే వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. ముక్కుకు వెనీలా ఎసెన్సో టూత్‌పేస్టో రాసి వాసన తెలియకుండా చేయడమూ అంతే. వాసనతోనే అవి ఒకదాన్నొకటి తెలుసుకోవాలి, దాన్నే మూసేస్తే ఏం నేర్చుకుంటాయి? ఆ వాసన పోయిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది. కొట్టేదాన్ని అరిచి, మూతి మీద తట్టి దండించడం వల్ల మీరంటే భయం మిగులుతుంది, అంతకుమించి ఏమీ రాదు.

"అవే తేల్చుకుంటాయి" అన్నవాళ్ళ మాటలో సగం నిజముంది. మామూలు పెత్తనాన్ని నిజంగానే అవే తేల్చుకుంటాయి, అడుగడుగునా విడదీసేవాళ్ళే దాన్ని సాగదీస్తారు. రక్తం వచ్చాక ఆ మాట చెల్లదు. చెవి అంచు ఒకసారి తెగడం, అదీ కారణం దొరికితే, నేను ఇంకో అవకాశం ఇస్తాను. ముఖం మీద, ఒంటి మీద, మూత్రద్వారం దగ్గర లోతుగా దిగిన కాటైతే ఇవ్వను. కలిపాక రెండోసారి రక్తం కనిపించినా ఇవ్వను. చించిల్లాలు ఒకదాన్నొకటి చంపుకోగలవు, ఒక్క రాత్రిలో.

మీ పరిస్థితికి నేరుగా సంబంధం లేకపోయినా, ఇది చదివే మిగతావాళ్ళ కోసం మగవాటి సంగతి చెబుతాను. అన్నదమ్ములు చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే చాలా సఖ్యంగా ఉంటారు, అదే గదిలో ఆడది లేనంత వరకు. ఎదకొచ్చిన ఆడదాని వాసన తగిలితే ఏళ్ళ స్నేహం ఒక్క పూటలో పోతుంది. ఆడవాటిని తాకిన చేతులు కడుక్కోకుండా మగ జతను పట్టుకోకండి. గొడవ తగ్గుతుందని న్యూటరింగ్ (వృషణాలు తీసేసే ఆపరేషన్) చేయించడం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, దానివల్ల పిల్లలు పుట్టకుండా ఉండటం ఖాయం కానీ స్వభావం మారడం ఖాయం కాదు. మగా ఆడా కలిపి ఉంచాలంటే మాత్రం అదే దారి, చేయించాక కూడా ఆరు వారాలైనా ఆడదానికి దూరంగా ఉంచాలి. మూడింటి గుంపులో రెండు ఒకటై మూడోదాన్ని వెలివేయడం నాకు అనుభవమే. రెండు, లేదా చోటుంటే నాలుగు, మూడు కన్నా నయం. కొత్త చించిల్లాను తెస్తే మాత్రం కలపడం గురించి ఆలోచించే ముందే నెల రోజులు వేరే గదిలో విడిగా ఉంచండి.

ఎంత చేసినా కుదరకపోతే? పక్కపక్క పంజరాల్లో ఉంచండి. ఇవి పదిహేనేళ్ళు, కొన్ని ఇరవై ఏళ్ళు బతుకుతాయి. అన్నేళ్ళు ఒకటి పై అర మీద భయంగా నక్కి, ఇంకొకటి కింద కాపలా కాస్తూ బతకడం కన్నా, ఊచల అవతల తోడు కనిపిస్తూ, వినిపిస్తూ నిశ్చింతగా నిద్రపోవడం వెయ్యి రెట్లు మేలు. నా దగ్గర రెండు ఆడవి ఆరేళ్ళుగా అలాగే ఉన్నాయి. కలిపి ఉంచితే ఒకదాని ప్రాణం తీసేవి. ఇప్పుడు రోజూ సాయంత్రం లేవగానే రెండూ ఊచల దగ్గరికొచ్చి ముక్కులు చాచి కాసేపు కూర్చుంటాయి. విడిగా ఉంచినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు, దయచేసి అలా అనుకోకండి.

ఒక్కటి ఈ రాత్రే చేయండి. వంటింటి డిజిటల్ స్కేల్ మీద గిన్నె పెట్టి రెండింటినీ తూచి, గ్రాముల్లో రాసిపెట్టుకోండి. రోజూ ఒకే వేళకు, తిండికి ముందు. పది గ్రాములు అటూ ఇటూ పోవడం మామూలు. చిన్నది వారంలో ముప్పై గ్రాములు తగ్గినా, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై తగ్గిపోయినా గొడవ సంగతి పక్కనపెట్టి వెంటనే వెట్ దగ్గరికి పరుగెత్తండి. తిండి ఆగితే వీటి పేగులు ఆగిపోతాయి. వేరు చేసిన మూడు నాలుగు రోజుల్లోనే చిన్నదాని తూకం పెరగడం మొదలైతే, ఇన్నాళ్ళూ అది సరిగ్గా తినలేదని తెలుస్తుంది. వెట్ పెద్దదాని పళ్ళ గురించి ఏమన్నారో, చిన్నది ఆడదో మగదో తేలాక ఆ తూకాలతో సహా ఇక్కడే రాయండి. పంజరం కొలతలు, అరలు ఎలా ఉన్నాయో కూడా చెబితే ఎక్కడ ఏం మార్చాలో చూద్దాం.